అమ్మ ఇంటికొచ్చింది, పెత్రమాస సంచిక వచ్చింది, రెండూ మీవల్లే

ముందుగా అసలు విషయం. అమ్మ ఇంటికొచ్చింది. డెంగీతో పడిపోయిన ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి, రెండు పూటలా అన్నం తింటోంది, నీరసం ఉంది కానీ ఇక గండం లేదని డాక్టరు చెప్పారు. ఇన్ని రోజులుగా ఫోన్లు చేసినవాళ్ళు, మెసేజ్‌లు పెట్టినవాళ్ళు, ఏమీ అడగకుండా నేరుగా ఆస్పత్రికే వచ్చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ అందరికీ ఒక్కచోట, అందరూ చూసేలా థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ళ కోసం చిన్న పరిచయం. మాది ఆన్‌లైన్‌లో వచ్చే చిన్న హారర్ పత్రిక, తెలుగు కథలే వేస్తాం. ఆఫీసు లేదు, జీతాలు లేవు. పాఠకులు కట్టే చందాల్లోంచే కథకూ బొమ్మకూ ఎంతో కొంత పారితోషికం ఇస్తాం. ఎడిటింగ్ నేను చూస్తాను. మిగతా పనులన్నీ పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్ళు కూర్చునేవాళ్ళు చేస్తారు. ఈసారి సంచిక పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు రావాలి. మన దగ్గర ఆ రోజు పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తారు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పోయినవాళ్ళనూ ఉన్నవాళ్ళనూ ఒకే రోజు తలుచుకునే పండగ కాబట్టి మాకు ఏడాదిలో అదే పెద్ద సంచిక. అంశం 'చెట్లు' అనుకున్నాం. మర్రి, రావి, తాడి, చింత, దయ్యం లేని చెట్టు మన ఊళ్ళలో ఎక్కడుంది? కథలు బోలెడు వచ్చాయి. సరిగ్గా ఫైనల్ ప్రూఫులు చూడాల్సిన వారంలో అమ్మకు జ్వరం మొదలైంది.

డెంగీ అన్నారు. వానాకాలం చివర్లో హైదరాబాద్‌లో ఏ వీధిలో చూసినా ఇదే కథ కాబట్టి మొదట అంత టెన్షన్ పడలేదు. జ్వరం తగ్గాకే అసలు ప్రమాదం అని డాక్టర్లు చెబుతుంటారు కదా, అదే జరిగింది. చిగుళ్ళలోంచి రక్తం రావడం మొదలైంది, ప్లేట్‌లెట్ కౌంట్ 14,000కి పడిపోయింది, అర్ధరాత్రి కావస్తుండగా ఎస్‌డీపీ ఏర్పాటు చేసుకోమన్నారు. ఎస్‌డీపీ అంటే ఒకే దాత నుంచి మిషన్ ద్వారా తీసే ప్లేట్‌లెట్లు. చేతిలోంచి రక్తం మిషన్‌లోకి వెళ్తుంది, ప్లేట్‌లెట్లు మాత్రం ఉంచుకుని మిగతాది మళ్ళీ ఒంట్లోకే పంపిస్తుంది. గంటన్నర దాకా పట్టొచ్చు. దాతకు కౌంట్ లక్షన్నరకు పైన ఉండాలి, హిమోగ్లోబిన్ సరిపోవాలి, నరం బాగా దొరకాలి, ఈమధ్య ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. అంటే వస్తామన్న ప్రతి మనిషీ పనికిరారు. తీసిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి ఈ సీజన్‌లో ఏ బ్లడ్ బ్యాంకులోనూ మిగిలి ఉండటం కష్టం.

బంధువులందరికీ ఫోన్ చేశాను, ఆ టైంలో ఎవరు ఎత్తుతారు? మా రచయితల గ్రూపులో మాత్రం 'అమ్మకు బాలేదు, ప్లేట్‌లెట్లు కావాలి, సంచిక ఆలస్యం అవుతుంది' అని ఒక్క లైను పెట్టాను. వెంటనే జవాబు వచ్చింది, "ఏ గ్రూపు? ఏ ఆస్పత్రి?" రాసింది కూకట్‌పల్లి తమ్ముడు. ఈ సంచిక కోసం అతను పంపిన కథను నేను తిప్పి పంపి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. ఆ ఊసే ఎత్తలేదు. క్యాబ్ దొరక్క ఫ్రెండ్ బండి మీద వానలో తడుస్తూ వచ్చాడు, పరీక్షలన్నీ పాసయ్యాడు, మిషన్ పక్కన చెయ్యి చాపుకుని పడుకుని "అన్నా, మీరు పోయి అమ్మ దగ్గర ఉండండి" అన్నాడు. తమ్ముడూ, నీ కథ గురించి తర్వాత విడిగా మాట్లాడదాం, దానికీ దీనికీ సంబంధం ఉండకూడదని నువ్వూ కోరుకుంటావని నాకు తెలుసు. ఆ రాత్రికి మాత్రం నీకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఈసీఐఎల్ నుంచి ఇంకో అక్క వచ్చింది. మా పత్రికలో అందరికన్నా భయపెట్టే కథలు రాసేది ఆమే. హిమోగ్లోబిన్ తక్కువుందని బ్లడ్ బ్యాంకు వాళ్ళు వద్దన్నారు. ఇంటికి వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. తెల్లారేదాకా అమ్మ మంచం పక్కనే కూర్చుంది. ఆమె చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. వచ్చిన ప్రతివాళ్ళూ ప్రేమతోనే "ఏం కాదులే, భయపడకు" అంటున్నారు, అది విన్న కొద్దీ నాకు కాళ్ళూ చేతులూ వణుకుతున్నాయి. ఈ అక్క ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. "డాక్టరు చివరిసారి ఏమన్నారు? తర్వాతి టెస్టు ఎన్నింటికి? రాత్రి ఏ గుర్తులు కనిపిస్తే నర్సును పిలవమన్నారు?" అని అడిగి, అమ్మ ఎంత తాగింది, మూత్రం ఎంత వెళ్ళింది గంట గంటకూ ఒక కాగితం మీద రాస్తూ కూర్చుంది. పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు ఆ కాగితం చూసి చాలా పనికొచ్చిందన్నారు. మన ఇళ్ళలో భయం అనగానే పిల్లల వ్యవహారం అన్నట్టు కొట్టిపారేస్తారు. హారర్ రాసేవాళ్ళు అలా చెయ్యరు. ఏళ్ళ తరబడి భయాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళు కాబట్టి, భయపడుతున్న మనిషి పక్కన ఎలా కూర్చోవాలో వీళ్ళకు తెలుసు. ఈ సంగతి నాకు ఎడిటర్‌గా కాదు, కొడుకుగా అర్థమైంది.

ఇక సంచిక. ఆగిపోయిందనే అనుకున్నాను. వరంగల్ మేడం, రిటైర్డ్ తెలుగు టీచర్, ప్రూఫులన్నీ తన మీద వేసుకున్నారు. వచ్చిన కథల్లో సగం పైన పాత 'అను' ఫాంట్లలో టైప్ చేసినవే. వాటిని ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట అయిపోతాయి, ఒక్కో వాక్యం పట్టుకుని దిద్దాలి. అలాగే వేసేయొచ్చు కదా, పీడీఎఫ్‌లో బాగానే కనిపిస్తుంది కదా అని కొందరంటారు. కుదరదు. మా పాఠకుల్లో చూపు లేనివాళ్ళున్నారు, వాళ్ళు ఫోన్ చదివి వినిపిస్తే వింటారు, అను అక్షరాల లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల కోడే కాబట్టి ఫోన్ దాన్ని అర్థం లేని గోలగా చదువుతుంది. మేడం రెండు కళ్ళకూ ఆపరేషన్ అయిన మనిషి. అయినా ఒక్క కథ కూడా వదల్లేదు.

ఒక కథ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఊళ్ళో వేలమంది పోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. మా మలక్‌పేట రచయిత ఆ రాత్రి మీదే కథ రాశారు. అందులో ఆ చింతచెట్టు మీద అప్పటికే దయ్యాలుంటాయి. నీళ్ళు పెరుగుతుంటాయి, జనం చంటిపిల్లల్ని ఎత్తుకుని పైకెక్కుతుంటారు, కొమ్మ కొమ్మకూ ఉన్న దయ్యాలు జరిగి జరిగి చోటిస్తాయి, చివరికి తమకు చోటు మిగలక ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగిపోతాయి. తారీఖు దగ్గర, అప్పటి వీధుల పేర్ల దగ్గర అనుమానం వస్తే ఇద్దరు కుర్రాళ్ళు అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోయి పుస్తకాలు తిరగేసి సరిచేశారు. నేను చెప్పలేదు, నాకు తెలియను కూడా తెలియదు. అమ్మ కాస్త తేరుకున్నాక ఈ కథ చదివి వినిపించాను. అంతా విని "ఇది భయమేస్తలేదురా, బాధయితాంది" అంది. రచయితకు ఫోన్ చేసి ఆ మాట చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు.

ఇంకో నిర్ణయం కూడా నేను లేకుండానే జరిగింది, దానికి ఎక్కువ గర్వపడుతున్నాను. ఒక మంచి కథలో, ఊరి చివర చింతచెట్టు కింద ఒంటరిగా బతికే ముసలామె నిజంగానే బాణామతి చేస్తుందని చివర్లో తేలుతుంది. శైలి బాగుంది, భయం కూడా పుడుతుంది. కానీ చేతబడి చేస్తోందనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన తెలంగాణ పేపర్లలో ఇంకా వస్తూనే ఉన్నాయి, చచ్చిపోయేవాళ్ళు దాదాపు ఎప్పుడూ ఏ అండా లేనివాళ్ళే. కొరివి దయ్యం, కామినీ పిశాచి, బ్రహ్మరాక్షసుడు ఎవరైనా రావచ్చు, పక్కింటి విధవరాలు మంత్రగత్తె అని రుజువు చేసే కథ మాత్రం వెయ్యకూడదని మేం ఎప్పటినుంచో అనుకుంటున్నాం. మావాళ్ళు ఆ కథను తిప్పి పంపకుండా, రాసినాయనతో అర్ధరాత్రి దాకా కూర్చుని మాట్లాడారు. ఆయన కోపం తెచ్చుకోలేదు, మొత్తం తిరగరాశారు. ఇప్పుడు ఆ కథలో భయం ఊరి జనం కళ్ళల్లో ఉంది. మొదటిదానికన్నా ఎన్నో రెట్లు బాగుంది, నమ్మకపోతే చదివి చూడండి.

బొమ్మలు వేసిన నిజామాబాద్ తమ్ముడికి, కథలు చదివి ఆడియో రికార్డు చేసిన చెల్లెళ్ళకు, చిక్కడపల్లి నుంచి రోజూ పొద్దున్నే ఇడ్లీ పార్సిల్ తెచ్చిన పెద్దాయనకు, నన్ను కాసేపు ఇంటికి పంపి పడుకోమన్న ప్రతి ఒక్కరికీ దండాలు. పెత్రమాస నాడు సాయంత్రం అనుకున్న టైంకే సంచిక వచ్చింది. వార్డులో అమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో తెరిచాను, లిఫ్టు దగ్గర నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు రెండు పనులున్నాయి. ఈ సంచికలో రాసినవాళ్ళకు, బొమ్మలు వేసినవాళ్ళకు, ఆడియో కోసం చదివినవాళ్ళకు పారితోషికం ఈ వారంలో పంపుతాను. బ్యాంకు వివరాలు పంపనివాళ్ళు నాకు విడిగా పంపండి, వద్దని ఎవరూ అనకండి, అది పాఠకులు మీ కోసమే ఇచ్చిన డబ్బు. రెండోది, ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళ లిస్టు ఒకటి మన గ్రూపులో పెడదామని ఈసీఐఎల్ అక్క అంటోంది. ఇష్టమున్నవాళ్ళు బ్లడ్ గ్రూపు, ఉండే ఏరియా, రాత్రిపూట రాగలరో లేదో ఆమెకు చెప్పండి. నా పేరు మొదట రాసుకుంది.