పాప బొమ్మ పూర్తయింది, మాస్టారూ

నిన్న సాయంత్రం బొమ్మ తీసుకెళ్లి అమ్మకి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, "కనుబొమ పక్కన దెబ్బ మచ్చ కూడా వేశావే" అంది. అది విన్నాక ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా అక్క కూతురికి ఐదేళ్లు. సెలవులవగానే వాళ్లంతా మెల్‌బోర్న్ వెళ్లిపోతున్నారు. గోడ మీదైనా పిల్ల కనబడాలని అమ్మ కోరిక. నేను ఇన్నాళ్లూ నీటిరంగులతో పూలూ, గోదావరి గట్టూ వేసుకున్నదాన్నే. ఆయిల్ పెయింట్‌తో మనిషి ముఖం వేయడం ఇదే మొదలు.

మొదట వేసినదాంట్లో ముప్ఫై ఏళ్ల ఆడమనిషి కనబడింది. ముక్కూ మూతీ దేనికది బాగానే ఉన్నాయి, మా పాప మాత్రం లేదు. మూడు వారాలు దిద్దాను. నీడల్లో నలుపు కలిపిన కొద్దీ బుగ్గలు మసి పూసినట్టయ్యాయి. ఏడుపొచ్చి, రాజమండ్రిలోనే మా వీధి చివర ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన తల ఎత్తుకి సరిగ్గా సగంలో సుద్దముక్కతో అడ్డగీత గీశారు. "కళ్లు దీని మీద పెట్టావమ్మా. పెద్దవాళ్లకైతే సరే. పిల్లలకి నుదురు పెద్దది, కళ్లు కిందికి దిగాలి" అన్నారు. దించింది చిటికెన వేలి మందమే. పాప వచ్చేసింది!

నల్లరంగు ట్యూబు పక్కన పెట్టించి, నీడలకి బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగులో అల్ట్రామెరీన్ నీలం కలపమన్నారు. వెలుతురు పడి ఎర్రగా మెరిసే చెవి అంచుకి కాస్త అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు. అడుగు పూత టర్పెంటైన్‌తో పల్చగా, లిన్సీడ్ నూనె పై పూతల్లోనే. తిరగబడితే పైది ముందు ఆరిపోయి పగుళ్లిస్తుందట. ముప్ఫై ఏళ్లయినా నిండకుండా 1925లో పోయిన మన చిత్రకారుడు దామెర్ల రామారావుగారి గ్యాలరీకి పంపి, ముఖాల అంచులు ఎలా కలిపారో చూసి రమ్మన్నారు. రెండుసార్లు వెళ్లొచ్చాను.

ఉత్తరపు కిటికీ ఉన్న మేడగది నెల రోజులు వదిలేసిన పక్కింటి మామ్మగారికీ, ఫ్లాష్ లేకుండా ఆ కిటికీ దగ్గరే మళ్లీ ఫోటోలు తీసిన బావగారికీ నా నమస్కారాలు. పేదరాశి పెద్దమ్మ కథలు చెప్పి పిల్లని పదేసి నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టింది అమ్మే.

మాస్టారూ, మీరు రూపాయి పుచ్చుకోలేదు. రంగు లోపలిదాకా ఆరాలి, వార్నిష్‌కి ఆరు నెలలు ఆగమన్నారుగా. అప్పటికి పాప ఇక్కడ ఉండదు. బొమ్మ మీ ఇంటికే తెస్తాను, ఆ పూత మీ చేత్తోనే వేయాలి.