చివరి కాగితంలో ఆ ఒక్క మాటా రాయండి

సంపాదకులు గారికి,

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక, "ఇక ఫర్వాలేదు, మాత్ర మాత్రం మానకండి" అని చెప్పి నన్ను ఇంటికి పంపించారు. ఇంటికొస్తే అల్మారా పై అరలో ఉన్న దుప్పటి దించుకోలేకపోయాను. కుడి చెయ్యి భుజం దాటి లేవదు. ఆ మాత్ర, లెట్రోజోల్ అనే హార్మోన్ మందు, మొదలుపెట్టాక పొద్దున లేస్తూనే వేళ్లు పట్టేసేవి, సీసా మూత కూడా తిరిగేది కాదు. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. వీటన్నిటినీ మించి నీరసం. రెస్ట్ తీసుకోమని అందరూ అనేవారు. ఎంత పడుకున్నా తీరేది కాదు.

నాలాంటి పేషెంటే ఒకావిడ చెబితే తాయ్ చీ, అంటే ఊపిరితో కలిపి మెల్లగా కదిలే చైనా వ్యాయామం, నేర్చుకోవడానికి వెళ్లాను. మొదటి రోజు కుర్చీలో కూర్చునే చేశాను. ఊపిరి పీలుస్తూ రెండు చేతులూ నీళ్లలో తేలుతున్నట్టు మెల్లగా పైకి, వదులుతూ కిందికి. నొప్పి తగిలిన చోట ఆపెయ్యమన్నారు. అంతకుముందు భుజం వ్యాయామాలు పళ్లు బిగించి చేసేదాన్ని. ఇక్కడ ఊపిరి బిగబడితే కదలికే కుదరదు! మూడో నెలలో ఒక రాత్రి ఆ దుప్పటి నేనే దించుకున్నాను. వేళ్ల నొప్పి పూర్తిగా పోలేదు కానీ నిద్ర పడుతోంది.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చికిత్స ముగిసిన 200 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. తాయ్ చీలాగే ఊపిరితో కలిపి చేసే యోగాని 12 వారాలు చేసినవాళ్లకి, క్లాసులు అయిపోయిన మూడు నెలల తర్వాత కూడా, చేయనివాళ్లకంటే నీరసం తక్కువగా ఉంది. నిద్రలేమికి డాక్టర్లు ముందుగా సూచించే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే) కౌన్సెలింగ్‌కి తాయ్ చీ ఏమీ తీసిపోలేదని 2017లో మరో అధ్యయనంలో తేలింది.

వీటితో క్యాన్సర్ నయమవుతుందని నేను అనను. వీటిని నమ్ముకుని ఎవరూ మాత్రలు మానొద్దు. లెట్రోజోల్ లాంటి మందులకి ఎముకలు పలచబడతాయి కాబట్టి, బాగా వంగే, మెలితిప్పే ఆసనాలు డాక్టర్‌ని అడక్కుండా చేయకూడదు. చెయ్యి వాపు ఉంటే నేర్పేవాళ్లకి ముందే చెప్పాలి.

చికిత్స ముగించి ఇంటికి పంపేటప్పుడు నాకిచ్చిన చివరి కాగితం మొన్న మళ్లీ తీసి చూశాను. మాత్రల పేర్లున్నాయి, చెకప్ తేదీలున్నాయి. చెయ్యి గురించి గానీ, నీరసం గురించి గానీ ఒక్క ముక్క లేదు. క్యాన్సర్ డాక్టర్లు ఆ కాగితంలో యోగా, తాయ్ చీలాంటి వాటికీ ఒక లైను కేటాయించాలని, మీ ఆరోగ్యం పేజీలో ఈ కదలికలను బొమ్మలతో వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు