బొంత అయిపోయిందే!

హ్యూస్టన్,
2025 జనవరి

ఒసేయ్ శారదా,

ఆ బొంత సంగతి ఏమైందని అడిగావుగా. అయిపోయిందే! రాత్రే ఆఖరి కుట్టు వేసి దారం తెంపాను. ఫోన్లో చెబితే తనివి తీరదని కూర్చుని రాస్తున్నా.

మంచం మీద కప్పుకునే బొంత అనుకునేవు. దీన్నిక్కడ జర్నల్ క్విల్ట్ అంటారు. డైరీ రాసుకున్నట్టు గుడ్డ మీద నెలకో పేజీ కుట్టుకోవడమన్నమాట. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు పొడవు, ఇక్కడి ఉత్తరాల కాగితమంత. 2002లో కేరీ బ్రెసెన్‌హాన్ అనే ఆవిడ క్విల్టర్లని కూడగట్టి నెలనెలా ఇలా కుట్టించి, ఆ పేజీలన్నీ మా ఊరి క్విల్ట్ ఫెస్టివల్లో వేలాడదీయించింది. నాకు ఆ కొలతే నచ్చింది. పెద్ద బొంత పెట్టుకుంటే నేనెప్పటికి తేలతాను? ఇదైతే ఒక ఆదివారం చాలు. బాగా రాకపోతే వచ్చే నెల ఎలాగూ ఉంది.

పని మనకు తెలిసిందే. పైనో గుడ్డ, మధ్యలో పల్చటి దూది పొర, అడుగునో గుడ్డ, మూడూ కలిపి కుట్టడం. మా అమ్మమ్మ దూది జోలికి పోకుండా, మెత్తబడ్డ చీరలూ పంచెలూ పొరలుగా పరిచి వరస కుట్లు వేసేసేది. నేనూ పాత చీరలే కత్తిరించా. మంగళగిరి అంచు చెప్పినట్టు విన్నది. పోచంపల్లి ముక్క మాత్రం కత్తెర తగలగానే పోగులు ఊడొచ్చేసింది, వెనకాల ఇస్త్రీతో అతికించే ఫ్యూజింగ్ వేశాక గానీ దారికి రాలేదు. ఎర్ర గుడ్డ ఏదైనా సరే, తడిపి తెల్ల గుడ్డ మీద ఒత్తి చూశాకే ముట్టుకున్నా.

జూలై పేజీ గురించి చెప్పాలి నీకు. 8వ తారీఖున బెరిల్ తుఫాను వచ్చిందిగా, ఈ చుట్టుపక్కల ఇరవై లక్షల పైచిలుకు కనెక్షన్లకి కరెంటు పోయింది. ఆ ఉక్కలో, టార్చి వెలుగులో, నల్లటి పెడన కలంకారీ ముక్క మీద పసుపు దారంతో చేత్తోనే కుట్టుకుంటూ పోయా. చెమటకి సూది జారిపోతోంది. ఒక కుట్టు నువ్వుగింజంత, దాని పక్కది బియ్యపుగింజంత. తర్వాత అది చూసి మా కుట్టు బృందంలో ఒకావిడ, విప్పేసి మిషన్ మీద కుట్టుకోరాదా అంది. ఎందుకు విప్పాలే? ఏసీలో కూర్చుని వేసిన కుట్టుకి ఆ జూలై సంగతేం తెలుస్తుంది?

అసలు తంటా అంతా ముగింపులోనే. రెండున్నర అంగుళాల పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, ముందువైపు అంచుల వెంట చుట్టూ మిషన్ కుట్టు వేయాలి. మూల ఇంకా పావంగుళం ఉందనగా ఆపేసి, పట్టీని పైకి మడిచి, మళ్ళీ కిందకి దించి, పక్క అంచు మీద పైనుంచి కుట్టుకు రావాలి. అలా అయితేనే వెనక్కి తిప్పినప్పుడు మూల ఏటవాలుగా, పొందిగ్గా కూర్చుంటుంది. వెనక చేత్తో హెమ్మింగ్. నాకు ఇందులో ఇష్టమైన పని అదే, టీవీలో సీరియల్ నడుస్తుంటే చెయ్యి దాని దారిన అది పోతుంది.

అన్నీ కలిపి ఒక్కటి చెయ్యమని మావారు పోరు పెట్టారు. నేను ఒప్పుకోలా. నెలలు విడివిడిగానే గోడెక్కాయి. ఒక్కోదాని వెనక పైన గొట్టంలా పట్టీ కుట్టి కర్ర దూర్చా.

వెనకాల లేబుల్ ఉండాల్సిందే అంటారిక్కడ. పేరు, ఊరు, ఏడాది. మా అమ్మమ్మ అన్ని బొంతలు కుట్టిందా, ఒక్కదాని మీదన్నా ఆవిడ పేరుందా? ఏది ఎప్పటిదో చెప్పే దిక్కు కూడా లేదు ఇంట్లో. నాది మాత్రం తెలుగులో, కాడకుట్టుతో కుట్టా. 'క్ష్మి' దగ్గర ఆ వంపులన్నీ తిప్పేసరికి చుక్కలు కనబడ్డాయనుకో!

ఇంకో మాట. ఈ ఏడాది పేజీలు మొదలెట్టాలి. మీ అత్తగారి నారాయణపేట చీర పైట దగ్గర చిరిగిందన్నావే, దాన్ని గిన్నెల వాడికి వేసెయ్యకు. జానెడు ముక్క చాలు. మార్చిలో మీ చిన్నాడు వస్తున్నాడుగా, వాడి పెట్టెలో పడెయ్. గోంగూర సీసాకి చుట్టి మాత్రం పంపకు తల్లీ, విడిగా పెట్టు.

నీ
లక్ష్మి