వార్షిక నివేదిక: 12వ స్క్వాడ్రన్‌తో గడిచిన ఏడాది

సభ్యులకూ, వారి కుటుంబాలకూ నమస్కారం.

ఏటా ఒక వాయుసేన స్క్వాడ్రన్ చరిత్రను పిల్లలకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఫైటర్ స్క్వాడ్రన్‌తో మొదలుపెడదామని చాలామంది అన్నారు. సైనికులనూ సరుకులనూ మోసే 12వ స్క్వాడ్రనే ముందు రావాలని కార్యవర్గం పట్టుబట్టింది. మోసేవాళ్ల పేర్లు ఎప్పుడూ వెనకబడిపోతాయన్నదే మా బాధ.

1945 డిసెంబర్ 1న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కోహట్‌లో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలతో ఏర్పడిన ఈ స్క్వాడ్రన్‌కు 1946లో డకోటా రవాణా విమానాలు వచ్చాయి. దేశ విభజన తర్వాత మనకు మిగిలిన రవాణా స్క్వాడ్రన్ ఇదొక్కటే. పని మీద పడటానికి ఎంతో కాలం పట్టలేదు. 1947 అక్టోబర్ 26న కాశ్మీర్ మహారాజు భారత్‌లో విలీన పత్రంపై సంతకం చేశారు. మర్నాడు తెల్లవారుతూనే ఈ డకోటాలు, పౌర విమానాలతో కలిసి, మొదటి సిక్కు బెటాలియన్‌ను ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు చేర్చడం మొదలుపెట్టాయి. పాకిస్తాన్ వైపు నుంచి దాడి చేస్తున్న మూకలు అప్పటికే బారాముల్లా దాకా వచ్చేశాయి. శ్రీనగర్ విమానాశ్రయం ఎవరి చేతిలో ఉందో పైలట్లకు కచ్చితంగా తెలియదు. ఆ బెటాలియన్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ దీవాన్ రంజిత్ రాయ్ ఆ రోజే నేలకొరిగారు. ఏటా అక్టోబర్ 27న జరిగే పదాతి దళ దినోత్సవం ఆ రోజు మన సైనికులు శ్రీనగర్‌లో దిగినందుకు గుర్తే.

మన నెలవారీ కూటాలన్నిటిలో అందరినీ కదిలించింది జమ్మూ కాశ్మీర్‌లోని పూంచ్ కథ. ఆ ఊరు చుట్టూ ముట్టడి, లోపల వేలాది శరణార్థులు. నేల మీద దారి లేదు. అక్కడి జనమే సైన్యంతో కలిసి ఒక చిన్న రన్‌వే చదును చేశారు. ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ స్వయంగా డకోటా నడుపుకుంటూ వెళ్లి అక్కడ దించారు. తర్వాత నూనె దీపాల వెలుగులో రాత్రిపూట కూడా దిగారు. తిండి, మందులు, ఫిరంగులు లోపలికి, గాయపడినవాళ్లు, శరణార్థులు బయటికి. 1948 నవంబర్‌లో ముట్టడి తొలగేదాకా పూంచ్ నిలబడింది. ఇది చెబుతున్నప్పుడు హాల్లో ఒక్కరూ కదల్లేదు.

1948 మే 24న మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకుని లద్దాఖ్‌లోని లేహ్‌లో దిగారు. పదివేల అడుగులకు పైనున్న ఆ ఇసుక రన్‌వేను ఇంజనీరు సోనమ్ నోర్బు స్థానికులతో కలిసి తయారుచేశారు. డకోటా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు లేదు. ఆ హిమాలయాల దారిలో విమానం పోగలిగినంత ఎత్తున పోవాలి. తర్వాత దిగిన డకోటాలు తెచ్చిన సైనికుల వల్లే లేహ్ దక్కింది. మెహర్ సింగ్‌కు మహావీర చక్ర ఇచ్చారు.

పాఠశాల పిల్లల కోసం పెట్టిన ఫొటో ప్రదర్శనకు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. మధ్యలో కరెంటు పోయినా పటాల ముందు నుంచి కదలలేదు. "తుపాకీ లేని విమానంతో యుద్ధమెలా చేశారు?" అని ఒక పాప అడిగింది. తలుపు దగ్గర నిలబడి బాంబులను చేతులతో బయటికి నెట్టిన సంగతి మన పెద్దాయన ఒకరు చెప్పారు. ఆయన సర్వీసులో విమానాల నిర్వహణ చూసినవారు. ఆయనకు ఆ రోజు దక్కిన గౌరవం సంఘానికే గర్వకారణం.

ఈ స్క్వాడ్రన్ 1954 నుంచి వాడిన ప్యాకెట్ రవాణా విమానాల గురించీ, ఇప్పటి ఏఎన్-32 రవాణా విమానాల గురించీ ఒక్క కూటమే పెట్టగలిగాం. ఇది లోటే. వచ్చే ఏడాది సరిచేస్తాం.

2018లో అప్పటి రాజ్యసభ సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్, డకోటా పైలట్‌గా పనిచేసిన తన తండ్రి గౌరవార్థం, బ్రిటన్‌లో బాగుచేయించిన ఒక పాత డకోటాను వాయుసేనకు ఇచ్చారు. పేరు పరశురామ. దాని మీది వీపీ 905 అన్న నంబరు, 1947లో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటాది. హిండన్ వైమానిక స్థావరంలో దాన్ని చూసే అనుమతి కోసం దరఖాస్తు సిద్ధం చేస్తున్నాం.

జమాఖర్చులను కోశాధికారి విడిగా చదువుతారు. రవాణా విమానాల మీద పనిచేసిన సభ్యులు, వారి ఇళ్లవాళ్లు పాత ఫొటోలూ ఉత్తరాలూ ఇస్తే, నకలు తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. వచ్చే కూటానికే తెచ్చిపెట్టండి.

కార్యదర్శి