గ్రాఫు ప్రశ్నను చాయిస్‌లో వదిలేయమంటే ఎలా?

సంపాదకుల వారికి,

తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు ఈ మధ్య భౌతికశాస్త్రం పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. ఒక బస్సు వేగం–కాలం గ్రాఫు ఇచ్చి, అది ఎంత దూరం వెళ్లిందో కనుక్కోమన్నారు. బస్సు మొదటి 10 సెకన్లలో సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంది, 20 సెకన్లు అదే వేగంతో నడిచింది, మరో 10 సెకన్లలో ఆగింది. మా పిల్ల పదిని నలభైతో గుణించి 400 మీటర్లని రాసింది. అడ్డంగా కొట్టేసి సున్నా వేశారు. ఎందుకు తప్పో మాత్రం చెప్పలేదు. పైగా, గ్రాఫు ప్రశ్నలు చాయిస్‌లో వదిలేసి సూత్రాల లెక్కలు చేసుకోమని తరగతి మొత్తానికి సలహా ఇచ్చారట. ఆ సలహా విన్నాకే కలం పట్టాను.

నేను రైల్వేలో సెక్షన్ కంట్రోలరుగా, అంటే ఒక మార్గంలో ఏ బండి ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో చూసే ఉద్యోగిగా పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగమంతా గ్రాఫు మీదే గడిచింది. కంప్యూటర్లు రాకముందు మా బల్ల మీద పెద్ద చార్టు పరిచి ఉండేది. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్లు. బండి దాటిందని స్టేషన్ మాస్టరు ఫోనులో చెప్పగానే ఆ నిమిషం దగ్గర చుక్క పెట్టి వెనకటి చుక్కతో కలిపేవాళ్లం. నిటారుగా లేచే గీత ఎక్స్‌ప్రెస్సు. బద్ధకంగా వాలి సాగేది గూడ్సు. పడుకున్న గీత కనిపిస్తే ఏదో బండి లూపు లైనులో, అంటే స్టేషనులో మరో బండికి దారి ఇచ్చే పక్క పట్టాల మీద ఆగి ఉందన్నమాట. ఎదురు దిశ బండ్ల గీతలు పైనుంచి కిందికి దిగేవి.

గుంటూరు–గుంతకల్లు మార్గం అప్పట్లో ఒంటి లైను. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్ల గీతలు దొనకొండ దగ్గరో, మార్కాపురం రోడ్డు దగ్గరో, కంభం దగ్గరో, ఏదో ఒక స్టేషను గీత మీదే కలుసుకోవాలి. రెండు స్టేషన్ల నడుమ ఖాళీలో కలిశాయంటే దాని అర్థం వేరే చెప్పనక్కర్లేదు. అందుకే బండిని వదలకముందే కాగితం మీద పెన్సిలుతో నడిపి చూసుకునేవాళ్లం.

మా పిల్లకు ఒక దూరం–కాలం గ్రాఫు గీసి చూపించాను. గీత పైకి లేచి, కొంతసేపు అడ్డంగా సాగి, మళ్లీ కిందికి దిగింది. బండి ఏం చేసిందమ్మా అంటే, "గుట్ట ఎక్కింది, పైన కాసేపు నడిచింది, దిగిపోయింది తాతయ్యా" అంది. నాకు నవ్వు రాలేదు. కంటికి కనిపించేది గుట్టే మరి. ఆ బండి వెళ్లింది, ఆగింది, తిరిగి వచ్చింది. అదే బొమ్మ వేగం–కాలం గ్రాఫులో ఉంటే పరీక్షలో వచ్చిన బస్సు అవుతుంది: వేగం పుంజుకుంది, నిలకడగా నడిచింది, బ్రేకు వేసింది. అక్షం మీద ఏం రాసి ఉందో చదవకుండా గీతను చూసే పిల్లలకు ఈ రెండు కథల తేడా ఎప్పటికీ తెలియదు. మన తెలుగు పుస్తకాలు వడి, వేగం అని రెండు చక్కని మాటలు పెట్టాయి: దిశతో పనిలేనిది వడి, దిశ కూడా చెప్పేది వేగం. కిందికి దిగే గీత వాలు రుణాత్మకమని చూశాకే వేగానికి దిశ ఎందుకు కావాలో మా పిల్లకు పట్టుబడింది. మా అప్, డౌన్ బండ్ల గొడవంతా అదే కదా!

పోయిన మార్కుల సంగతికి వస్తాను. అదే గ్రాఫును గళ్ల కాగితం మీద గీయించాను. ఒక్కో గడి అడ్డంగా 5 సెకన్లు, నిలువుగా సెకనుకు 2 మీటర్లు. అంటే గడి ఒక్కటికి 10 మీటర్ల దూరం. గీత కింద గళ్లు లెక్కపెట్టమంటే, తెగిన ముక్కలన్నీ జతచేసుకుంటూ 30 తేల్చింది. 300 మీటర్లు! మిగతా 100 ఏమయ్యాయని అడగబోయేలోపే రెండు చివర్లా గీత పైన మిగిలిన ముక్కోణాల మీద వేలు పెట్టింది. సమత్వరణం, అంటే వేగం ఒకే తీరున మారినప్పుడు దూరం కట్టే సూత్రంలో 'సగం' ఎక్కడినుంచి వచ్చిందో ఆ ముక్కోణమే చెబుతుంది. 14వ శతాబ్దంలోనే, గెలీలియో పుట్టకముందే, ఫ్రాన్సులో నికోల్ ఒరేమ్ అనే పండితుడు కాలాన్ని అడ్డంగా, వేగాన్ని నిలువుగా నిలబెట్టి ఈ సంగతి బొమ్మతో చూపించాడు. మా పిల్ల ట్యూషను నోట్సులో మాత్రం సూత్రానికి ఎర్ర సిరాతో పెట్టె కట్టి ఉంది, అంతే.

ఉపాధ్యాయులను నిందించడం నా ఉద్దేశం కాదు. సిలబస్ తరుముతుంటే వాళ్లేం చేస్తారు? అయినా ఒక్క పీరియడు బడి ఆవరణలో రెండేసి మీటర్లకు సుద్దగీతలు గీసి, ఒకరిని నడిపించి, ఆపి, వెనక్కి రప్పించి, మిగతావాళ్లతో గడియారం చూసి చుక్కలు పెట్టించవచ్చు. ప్రశ్నపత్రం కూర్చేవారు గ్రాఫు ఇచ్చి, ఆ ప్రయాణాన్ని నాలుగు వాక్యాల్లో రాయమనవచ్చు. చాయిస్ లేకుండా.

మొన్న మా పిల్ల బడి నుంచి ఇంటికి సైకిలు మీద వచ్చిన తీరును తానే గ్రాఫు గీసి తెచ్చింది. మధ్యలో గీత 8 నిమిషాలు అడ్డంగా పడుకుని ఉంది. ఎక్కడ ఆగావంటే రైల్వే గేటు పడిందంది. ఆ వేళకు ఆ గేటు మీదుగా ఏ బండీ లేదు. గేటు పక్కన మిరపకాయ బజ్జీల బండి మాత్రం ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత సెక్షన్ కంట్రోలరు,
గుంటూరు