రేకుకు గుర్తింపు వచ్చింది, రేకు తీసే మనిషికి ఎప్పుడు? మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, లొల్ల లాకులకు దగ్గరలో ఉన్న ఒక పల్లె నుంచి ఈ లేఖ రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా పూతరేకులు తీయడమే నా జీవనం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీదుగా లాగితే, లాగిన చేయి పక్కకు జరిగేలోపే రేకు ఆరి పైకి లేస్తుంది. ఆ సెగ ముందు కూర్చునేవాళ్లు మా వీధిలో అందరూ ఆడవాళ్లే. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని తెలిసిన రోజున మేమంతా పండుగ చేసుకున్నాం. మరుసటి ఏడాది నరసాపురం లేసుకు అదే గుర్తింపు వచ్చినప్పుడు, వసిష్ఠ అవతలి ఒడ్డున లేసు అల్లే అక్కచెల్లెళ్లను తలచుకొని మళ్లీ అంతే సంతోషించాం.

ఆ గుర్తింపు వస్తువుకూ ఊరికీ వచ్చింది. మా వీధిలో రేకు తీసే ఏ ఒక్కరికీ తన పేరున రాలేదు. 1999 నాటి చట్టం ప్రకారం దరఖాస్తు చేసిన సంఘం ఆ పేరుకు యజమానిగా నమోదవుతుంది. తయారీదారు తన పెట్టె మీద ఆ పేరును హక్కుగా వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఈ రెండో మెట్టు ఉందన్న సంగతే మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పత్రం ఎవరి చేతిలో ఉంటుందో బేరం వారి చేతిలో ఉంటుందని అంతకుముందే నాకు అనుభవమైంది కనుక, ఆ అనుభవాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

కొన్నేళ్ల క్రితం సంక్రాంతికి ముందు, హైదరాబాదులోని ఒక సంస్థ వారు తమ ఉద్యోగులకు పంచడానికి పూతరేకుల పెట్టెలు కావాలని ఫోను చేశారు. రుచి నచ్చింది, ధర కుదిరింది. ఆపైన వెండర్ రిజిస్ట్రేషన్ అంటూ ఉద్యమ్ నమోదు పత్రం (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది), ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, వ్యాపారం పేరున బ్యాంకు ఖాతా అడిగారు. నా దగ్గర ఉన్నది డ్వాక్రా పాసుపుస్తకం ఒక్కటే. పన్నెండేళ్లపాటు ఒక్క వాయిదా తప్పకుండా కట్టిన పుస్తకం అది. అయినా వారి లెక్కలో అది పత్రం కాలేదు. ఆర్డరు పట్నంలోని ఒక వ్యాపారికి వెళ్లింది. ఆయన రేకులు కొన్నది మా వీధిలోనే, వాటిలో నేను తీసినవీ ఉన్నాయి. పెట్టె మీద మాత్రం ఆయన పేరు ఉంది.

ఆ తర్వాత పట్టుబట్టి పత్రాలన్నీ చేయించుకున్నాను. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ఆహార భద్రత నమోదుకు అప్పట్లో నేను కట్టింది ఏడాదికి 100 రూపాయలు. కష్టం వేరేచోట వచ్చింది. ఆధారుకు జత చేసిన ఫోను నంబరు మా ఆయనది, ఇంటి పన్ను రసీదు మా మామగారి పేరున, కరెంటు బిల్లు కూడా ఆయన పేరునే. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ చేలో ఉన్న మనిషికి కబురు పంపవలసి వచ్చేది. మా ఇంట్లో అడ్డు చెప్పేవారు ఎవరూ లేరు కనుక నా పని జరిగింది. అడ్డు చెప్పే ఇళ్లలో ఈ పని మొదటి రోజే ఆగిపోతుంది.

ఉద్యమ్ పత్రానికి ఉన్న విలువ మాకు ఎవరూ చెప్పలేదు. చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి చట్టం ప్రకారం, నమోదైన చిన్న తయారీదారు వద్ద సరుకు కొన్నవారు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి; దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి. సంక్రాంతి సరుకుకు ఉగాది తర్వాత డబ్బు తీసుకునే అలవాటున్న మా వీధికి ఇది ఎంత పెద్ద మాటో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. అలాగే కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలనీ, అందులో 3 శాతం మహిళల సంస్థలకు ఉండాలనీ 2018 నుంచి నిబంధన ఉంది. మా పొలాల పక్కన గ్యాసు బావులున్న ఓఎన్‌జీసీకి కూడా ఈ నిబంధన వర్తిస్తుంది. అక్కడికి కొబ్బరి పీచు పట్టలు, యూనిఫారాలు, పండుగ మిఠాయిలు ఇవ్వగల మహిళలు కోనసీమలో ఎందరో ఉన్నారు. వారికి ఆ గుమ్మం ఎటువైపు ఉందో తెలియదు.

కోటా ఒక్కటే సరిపోదని చెప్పడానికి అమెరికా అనుభవం ఉంది. ఫెడరల్ కాంట్రాక్టుల విలువలో 5 శాతం మహిళల చిన్న సంస్థలకు దక్కాలని అక్కడ 1994లో చట్టం చేశారు. ఆ లక్ష్యాన్ని మొదటిసారి అందుకున్నది 2015 ఆర్థిక సంవత్సరంలో. మధ్యలో, 2011లో, అర్హత ఉన్న మహిళల సంస్థలకే కొన్ని కాంట్రాక్టులు ప్రత్యేకించే పద్ధతి అమలులోకి వచ్చింది. అంత సంపన్న దేశానికే 21 ఏళ్లు పట్టిన పనిని మనం కేవలం ఒక ఉత్తర్వుతో సాధిస్తామని అనుకోలేము.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మహిళల సంస్థ అంటే కనీసం 51 శాతం వాటా మహిళలదై ఉండాలని ఇక్కడా, అంతర్జాతీయంగానూ పాటించే కొలత. వాటాతోపాటు నిర్వహణ, నిర్ణయాధికారం కూడా మహిళల చేతిలోనే ఉన్నాయా అని మహిళల సంస్థలను పెద్ద కొనుగోలుదారులతో కలిపే వీకనెక్ట్ ఇంటర్నేషనల్ వంటి సంస్థలు పరిశీలించాకే ధ్రువపత్రం ఇస్తాయి. కాగితం మీద భార్య పేరు, గల్లాపెట్టె దగ్గర భర్త అన్న ఏర్పాటు మన జిల్లాల్లో కొత్త కాదు. ఆ తేడాను కంప్యూటరు పట్టుకోలేదు, ఊళ్లోని డ్వాక్రా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య పట్టుకోగలదు. ఎవరు కుండ ముందు కూర్చుంటారో, ఎవరు సరుకుకు ధర చెబుతారో, బ్యాంకుకు ఎవరు వెళతారో సమాఖ్యలోని ఆడవాళ్లకు తెలుసు. కనుక మహిళల సంస్థ అని నిర్ధారించే పరిశీలనలో సమాఖ్యకు అధికారికమైన పాత్ర ఇవ్వండి.

పత్రాలు చేతికి వచ్చాక కూడా తొమ్మిది నెలలపాటు నాకు ఒక్క కొత్త ఆర్డరు రాలేదు. రాజమహేంద్రవరంలో జరిగిన ఒక ప్రదర్శనలో నా పక్క అంగడిలో పచ్చళ్లు అమ్ముతున్న ఒక అక్కతో పరిచయమైంది. రేకు విరగకుండా పట్టే గట్టి అట్టపెట్టెలు చేసేవారి నంబరు ఆమె ఇచ్చింది, బెంగుళూరులో తన సరుకు కొనే దుకాణం వారికి నా గురించి చెప్పింది. నా మొదటి పెద్ద ఆర్డరు ఆ మాట మీద వచ్చింది. మగ వ్యాపారులకు ఇటువంటి పరిచయాలు టీ కొట్టు దగ్గర, లారీ ఆఫీసు దగ్గర, పెళ్లి పందిట్లో వాటంతట అవే ఏర్పడతాయి. సాయంత్రం దాటాక బయట నిలబడలేని మాకు అవి ఎవరో కల్పిస్తే తప్ప దొరకవు.

అందుచేత మిమ్మల్ని కోరేది ఇది. రేకులు తీసేవారినీ లేసు అల్లేవారినీ వారి వారి పేర్లతో అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించే శిబిరాలు మండలానికి ఒకటి చొప్పున పెట్టించండి; పాన్ కార్డు, ఆధారు ఫోను మార్పు, ఉద్యమ్, ఆహార భద్రత నమోదు అక్కడే పూర్తి కావాలి. అమలాపురంలో ఒకసారి, నరసాపురంలో ఒకసారి, ప్రభుత్వ సంస్థల కొనుగోలు అధికారులను పిలిపించి మా ఎదుట కూర్చోబెట్టండి. రాష్ట్ర వసతిగృహాలు, పర్యాటక శాఖ హోటళ్లు మహిళల సంస్థల వద్ద ఎంత కొన్నాయో ప్రతి ఏడాదీ ప్రకటించండి.

శిబిరాలు మధ్యాహ్నం రెండు గంటల తర్వాత, గ్రామ సమాఖ్య భవనంలోనే పెట్టించమని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ఉదయమంతా కుండలు వేడిగా ఉంటాయి. వీలైతే దసరాలోపే జరిపించండి. అది దాటితే పండుగ ఆర్డర్లు మొదలై, మాలో ఎవరికీ కుండ ముందు నుంచి లేచే తీరిక ఉండదు.

ఇట్లు,
ఆత్రేయపురం ప్రాంతానికి చెందిన ఒక పూతరేకుల తయారీదారు