నీ చైనా ఆయన పుస్తకం చదివాను

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడంతా క్షేమం. వాట్సాప్‌లో ఏం పెట్టినా బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటున్నావు, నీ గొంతు విని మూడు వారాలైంది. అందుకే కాగితం మీద రాసి నాన్నగారి చేత ఫొటో తీయించి పంపిస్తున్నా. కంగారేం లేదు, ఊరికే.

నువ్వు బీరువాలో వదిలేసిన ఆ జౌ దాగ్వాన్ పుస్తకం డిక్షనరీ పక్కన పెట్టుకుని పూర్తి చేశాను. ఆయన 1296 ఆగస్టులో చైనా రాయబారుల వెంట అంగ్‌కోర్, అదే ఇప్పటి కంబోడియాలో ఉన్న పాత రాజధానికి వచ్చాడు, మరుసటేడు జులైకల్లా తిరుగు ప్రయాణం కట్టాడు. ఏడాది కూడా నిండలేదు చూడు. గోపురాల సంగతి అలా ఉంచి, నాకు నచ్చింది వాళ్ల భోజనం. పులుసు పోసుకోడానికి ఆకుతో దొన్నె కుడతారట, చుక్క కారదట. చెంచా కూడా ఆకుదే, తిని పారెయ్యడమే. అన్నం చేత్తోనే. మెతుకులు అంటుకుంటే వేళ్లు ముంచుకోడానికి పక్కన గిన్నెలో నీళ్లు. ఇదంతా ఆయనకి వింతట!

జిగట విరేచనాలు పట్టుకుంటే పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది పోయేవారనీ రాశాడు. నీళ్లు కాచి తాగుతున్నావా? చాలా జబ్బులు నీళ్లలో మునిగి మాటిమాటికీ తల కడుక్కుంటే తగ్గేవట. నువ్వలాంటివి చెయ్యకు. తడిజుట్టుతో పడుకునే అలవాటు నీకు ముందే ఉంది.

బజారులో బేరాలన్నీ ఆడవాళ్లవేనట. నేలమీద చాపలు పరిచి, పొద్దున్నే మొదలెట్టి మధ్యాహ్నానికి సర్దేస్తారు. అందుకే చైనావాళ్లు దిగగానే ముందు అక్కడి అమ్మాయిని చేసుకునేవారట, వ్యాపారం కలిసొస్తుందని. బియ్యం సులువు, ఇల్లు సులువు, సామాను సులువు అని ఓడ పనివాళ్లు పారిపోయి అక్కడే ఉండిపోయేవారట. అది చదువుతుంటే సుబ్బలక్ష్మత్తయ్య ఫోన్ గుర్తొచ్చింది. నువ్వు అంగ్‌కోర్ పక్కనున్న ఆ సియం రీప్‌లో రెండేళ్లకి ఇల్లు తీసుకున్నావంది, ఇంకేదో కూడా అంది. ఆవిడ మాటలకేంలే.

రంగూన్ తాత కూడా రెండేళ్లనే కాకినాడలో స్టీమరెక్కాడు. ఏటా సంక్రాంతికి వస్తానని ఉత్తరం. ఏటా మా మామ్మ ఆయన కోసం ఒక మానెడు బియ్యం ఎక్కువ నానబోసి అరిసెలు వండేది. తర్వాత ఉత్తరాలూ ఆగిపోయాయి. 1942లో జపానువాళ్లు రంగూన్ పట్టుకున్నాక అడవుల్లో పడి నడిచి, ఆషాఢంలో ఒకరోజు గుమ్మం ముందు నిలబడ్డాడు. గడ్డం, చంకలో లక్క డబ్బా. మామ్మ బిచ్చగాడనుకుని చారన్నం తెచ్చి పెట్టింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంగువ ఇంకా ఎక్కువే వేస్తున్నావా?" అన్నాట్ట. మామ్మ చేతిలో గిన్నె అక్కడే జారిపోయింది. నీ పాస్‌పోర్టు ఫొటోలు ఇప్పుడు ఆ లక్క డబ్బాలోనే ఉన్నాయి.

ఎందుకు చెప్తున్నానంటే, చదువుకుంటానంటే మేమెప్పుడైనా కాదన్నామా? ఏ నిర్ణయమైనా తీసుకో, కానీ బయటివాళ్ల నోట వినే పరిస్థితి మాత్రం... సరే, లెక్చర్ ఇవ్వనని నాన్నగారికి మాటిచ్చాను.

అంగ్‌కోర్‌లో జౌకి తన ఊరివాడొకడు తగిలాడు, గుర్తుందా? 35 ఏళ్లుగా అక్కడే ఉన్నాట్ట. ఇంటికి ఉత్తరాలు రాసేవాడో లేదో రాయలేదు. మగాడు కదా, అడగాలని తోచి ఉండదు.

మాగాయ, గోంగూర పార్సిల్ కట్టించాను. నూనె కారకుండా మూతలకి టేపు చుట్టాను. పైన పాత అడ్రసే రాయమంటావా, కొత్తది ఏమైనా ఉందా?

మీ అమ్మ